ముందు ఆమె దగ్గరికి వెళ్లండి

2013 అక్టోబరులో మాదాపూర్‌లో క్యాబ్ అనుకుని కారెక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని అపహరించి అత్యాచారం చేశారు. పత్రికలు అభయ కేసు అన్నది దీన్నే. మరుసటి ఏడాది అక్టోబరు 24న హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్తీలో తిరుగుతూ ఆకతాయిల చేష్టలను వీడియో తీసి పట్టుకుంటాయి. కానీ రాయదుర్గం మెట్రో బయట షేర్ ఆటోలో, ఆఫీసు లిఫ్టులో, నైట్ షిఫ్ట్ క్యాబ్‌లో పోలీసులుండరు. మనం ఉంటాం.

చేయవలసినవి

ఎవరైనా ఒక అమ్మాయిని వేధిస్తుంటే, వేధించేవాణ్ణి వదిలేసి ముందు ఆమెతో మాట్లాడండి. తెలిసినవాళ్లలా "ఏమ్మా, ఇక్కడున్నావా? నీకోసమే చూస్తున్నా, రా" అనండి. మెట్రోకి దారి అడగండి. ఆటోలో అయితే సీటు మారండి. ఇద్దరి మధ్యలోకి ఇంకో మనిషి వచ్చేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు. నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఈ పద్ధతినే. దీనికి కండబలం అక్కర్లేదు, నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ కూడా చేయగలదు.

తోడు పిలవండి. "ఎవరైనా రండి" అంటే ఎవరూ కదలరు. "నీలం చొక్కా అన్నా, సెక్యూరిటీని పిలవండి", "అక్కా, 112కి ఫోన్ కొట్టండి" అని ఒక్కొక్కరికీ ఒక్కో పని చెప్పండి.

బండి నంబరు, టైమ్, చోటు రాసుకోండి. ఆమెకు సాయం అందుతోందనుకుంటేనే వీడియో తీయండి. తీసింది ఆమెకివ్వండి.

వాడు వెళ్లిపోగానే మీరూ వెళ్లిపోకండి. "నేను చూశాను. నీ తప్పేం లేదు. హాస్టల్ దాకా రానా?" అని అడగండి.

చేయకూడనివి

వాడి మీద చేయి చేసుకోకండి. గొడవ పెద్దదైతే ఆమె మరింత ప్రమాదంలో పడుతుంది. "ఈ టైమ్‌లో ఎందుకొచ్చావ్" అనకండి. వీడియోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. అత్యాచార బాధితుల పేరు, ఆనవాళ్లు బయటపెట్టడం నేరం కూడా. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం, మీరు తేల్చకండి. కత్తి కనిపించినా, బలవంతంగా బండి ఎక్కిస్తున్నా మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు, వెంటనే 112కి చేయండి.

ఆఫీసులో

ఇక్కడే మనం ఎక్కువ జారిపోతాం. వేధించేవాడు మేనేజర్, ముందు అప్రైజల్ ఉంది. ఎదిరించే ధైర్యం లేకపోతే కనీసం ఆ జోక్‌కి నవ్వకండి. "ఇది బాలేదు, పని చూద్దాం" అనగలిగితే అనండి. ఆ తర్వాత ఆమెను విడిగా కలవండి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. ఆమె స్వయంగా చేయలేని స్థితిలో ఉంటే, ఆమె రాతపూర్వక అనుమతితో సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చేయవచ్చు. హౌస్‌కీపింగ్ అక్క కాంట్రాక్టు మనిషే అయినా ఈ చట్టం ఆమెకూ వర్తిస్తుంది. ఆమె తరఫున మాట్లాడేవాళ్లు మరీ తక్కువ, కాబట్టి ముందు ఆమెను గుర్తుంచుకోండి.

చూసిన రోజే తేదీ వేసి, అన్న మాటలు అన్నట్టే రాసి పెట్టుకోండి. కమిటీ సాక్షిగా పిలిస్తే క్లయింట్ కాల్ ఉందని తప్పించుకోకండి. మీరు చూసింది మాత్రమే చెప్పండి, క్యాంటీన్‌లో విన్నది కలపకండి.