లిపి వేరు, పుట్టుక వేరు: బ్రాహుయీ భాష చెప్పు సాక్ష్యము

మన కళాశాల వసారాలో ఉర్దూ విద్యార్థులకును తెలుగు విద్యార్థులకును నడుమ ఒక వాదము తరచుగా వినవచ్చుచుండును. "మీ భాష అరబ్బు దేశమునుండి వచ్చినది" అని ఒకరు, "మీది సంస్కృతమునకు పుట్టిన బిడ్డ" అని వేరొకరు. ఇరువురును పొరబడుచున్నారని మా మనవి. పొరపాటు చిన్నదే. కాని దాని వెన్నంటి "ఈ గడ్డ ఎవరిది?" అను పెద్ద ప్రశ్న వచ్చుచున్నది గనుక కొంత విచారింతము.

భాషల చుట్టరికమును లిపిని చూచి నిర్ణయింపరాదు. లిపి కట్టుకొను బట్ట వంటిది. అరువు మాటల లెక్కయు చాలదు. జవాబు, ఖర్చు, కాగితము, దస్తావేజు, తహసీలు అను మాటలు లేనిదే మన రైతుకు కచేరీలో పని జరుగదు. అంతమాత్రమున తెలుగు పారసీకము కాలేదు. నేను, నీవు, కన్ను, నీరు, చిన్న అంకెలు, క్రియారూపములు: పసితనమునుండి నోట నలుగు వీనినే పరిశీలింపవలెను. జనులు వీనిని అరుదుగా అరువు తెచ్చుకొందురు.

ఉర్దూలో దో, తీన్, చార్. సంస్కృతములో ద్వి, త్రి, చతుర్. అరబ్బీలోనో ఇస్నాన్, సలాసా, అర్బా! ఉర్దూ ఎవరి ఇంటి పిల్లయో వేరుగ చెప్పనక్కరలేదు. అది మరాఠీ, బెంగాలీలకు తోబుట్టువు. ఇక తెలుగున రెండు, మూడు, నాలుగు. కన్నడమున ఎరడు, మూరు, నాల్కు. తమిళమున ఇరండు, మూన్రు, నాన్గు. ఈ భాషలు సంస్కృతజన్యములు కావని 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించినాడు.

ఇంతకంటె విచిత్రమైన సాక్ష్యము పాకిస్తానులోని బలూచిస్తానమున కలదు. కలాత్ ప్రాంతపు కొండలలో తరతరములుగా గొఱ్ఱెలను మేపుకొనుచు వచ్చిన బ్రాహుయీలు ముస్లిములు. వారి భాషను అరబ్బీ అక్షరములతో వ్రాయుదురు. అందు బలూచీ, పారసీక పదములు కొల్లలు. అయినను వారు కన్నును "ఖన్" అందురు, నీటిని "దీర్" అందురు, నీవు అనుటకు "నీ" అందురు. రెండు "ఇరట్", మూడు "ముసిట్". నాలుగు మొదలు అంకెలు పొరుగువారివే! ఇతర ద్రావిడ భాషలకు వేయి కిలోమీటర్లకు పైగా దూరమున ఈ భాష నిలిచియున్నది. డెనిస్ బ్రే 1909లో దీని వ్యాకరణమును ప్రకటించినాడు.

అది అక్కడికి ఎట్లు చేరినది? ఒకప్పుడు వాయవ్యమున విస్తరించిన ద్రావిడ భాషల శేషమే ఇది అని కొందరందురు. సుమారు వేయి సంవత్సరముల క్రిందట మధ్యభారతమునుండి తరలినదని మరికొందరు. ప్రాచీన ఇరానీ భాషల అరువు పదములు అందు కానరాకపోవుట వీరి వాదమునకు బలము. బలూచిస్తానముననే బోలాన్ కనుమ చెంత మెహర్‌గఢ్ కలదు. 1974నుండి జరిగిన త్రవ్వకములలో, క్రీస్తుపూర్వము 7000 ప్రాంతమున బార్లీ, గోధుమ పండించిన జనుల ఇండ్లు, సమాధులు బయల్పడినవి. ఆ కాలపువారి దంతములలో చెకుముకి మొనతో తొలిచిన రంధ్రములు సైతము కనబడినవి. వారు ద్రావిడ భాషనే పలికిరని నమ్మ మనకు ఆశ కలుగవచ్చును. కాని వారు వ్రాత నెరుగరు. గింజలు వారి తిండిని తెలుపును, దంతములు వారి బాధను తెలుపును. నీటిని వారు ఏమని పిలిచిరో ఏ ఎముకయు చెప్పజాలదు. గర్వముకొఱకు చరిత్రను తొందరపెట్టుట మాకు సమ్మతము కాదు.

చుట్టరికము లేకున్నను పొరుగుతనము ఎంత లోతునకు పోగలదో చూచుటకు మాత్రము బలూచిస్తానము దాకా పోనక్కరలేదు. "వస్తానని చెప్పినాడు" అనుటకు ఉత్తరాది ఉర్దూలో "ఉస్‌నే కహా కి ఆవూఁగా" అందురు; చెప్పినాడు అనుమాట ముందు, చెప్పిన సంగతి తరువాత. మన దక్కనీలోనో "ఆతూఁ బోల్‌కే బోల్యా". ఇందలి మాట లన్నియు ఉర్దూవే. "బోల్‌కే" నిలిచిన చోటు మాత్రము తెలుగు "అని" నిలిచెడి చోటు.