బడి మానకుండా హెడ్మాస్టరు చదువు

మలేసియాలోని బటాంగ్ బెర్జుంటై తోటల ప్రాంతం. 2007లో దీని పేరు బెస్తారీ జయ అయింది. ఇలాంటి ఊళ్ళో టీచరు బడి నిర్వహణ చదవాలంటే సెలవు పెట్టి పట్నం వెళ్ళనక్కర్లేదు. ఆ దేశంలో 2000లోనే ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది.

ఆన్‌లైన్ చదువులకు చాలాచోట్ల వాడే మూడిల్ 2002లో విడుదలైంది. దాన్ని రాసిన మార్టిన్ డూజియామాస్ చిన్నప్పుడు ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో రేడియో పాఠాలతో చదువుకున్నాడు. అందుకేనేమో, అందరూ ఒకే వేళకి కూర్చోవాలన్న పట్టుదల అందులో లేదు. చర్చలో రాసింది దిద్దుకోవడానికి మామూలుగా అరగంట గడువుంటుంది. ఏడు పీరియడ్లు చెప్పి రాత్రి పదింటికి టైపు చేసేవాళ్ళకి అదెంత మేలో!

ఈ చదువుకి ప్రయోగశాల సొంత బడే. సోమవారాలు హాజరు తగ్గుతోందా? రిజిస్టరు నుంచి రెండు నెలల లెక్క ఎక్సెల్‌లోకి ఎక్కించండి, తల్లిదండ్రుల్ని కారణం అడగండి, ఒక్క మార్పు చేసి మళ్ళీ లెక్కించండి. అసైన్‌మెంటు అదే. పూర్తికాలం విద్యార్థికి ఈ వీలు లేదు.

మీ ఇంట్లో టీచరుంటే ఎక్సెల్ మీరు నేర్పండి. ఫైలు పంపేముందు పిల్లల పేర్లు తీసేయించండి. దాచిన కాలమ్ ఎవరైనా తెరవగలరు.