ఇంగ్లిషు పాఠం చెప్పడానికి ఏ పీజీ? తరచూ అడిగే ప్రశ్నలు

యార్డులో మిర్చి టిక్కీలు అమ్ముడై నాలుగు డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే గుంటూరు, ఒంగోలు గోడల మీద అడ్మిషన్ ప్రకటనలు వెలుస్తాయి. డబ్బు కట్టకముందే ఇది చదవండి. ఈ వ్యాసంలో "సాహిత్య పీజీ" అంటే ఎం.ఏ. ఇంగ్లిష్. "బోధనా పీజీ" అంటే ఇంగ్లిషును ద్వితీయ భాషగా బోధించడంపై చేసే ఎం.ఏ. "సర్టిఫికెట్ కోర్సు" అంటే డిగ్రీ కాని శిక్షణ ఏదైనా.

1. సాహిత్య పీజీ, బోధనా పీజీ: దేనిలో చేరాలి?

చేయదలచిన ఉద్యోగాన్ని బట్టి. నియామక నోటిఫికేషన్లు సాధారణంగా "సంబంధిత సబ్జెక్టులో పీజీ" అడుగుతాయి. సాహిత్య పీజీకి ఆ మాటతో పేచీ లేదు. బోధనా పీజీ ఆ మాట కిందికి వస్తుందా అన్నది నోటిఫికేషన్ ఇచ్చిన సంస్థే తేల్చాలి. రాతపూర్వకంగా అడగండి, సీనియర్ల భరోసా రుజువుగా నిలవదు.

నాగార్జున విశ్వవిద్యాలయంలో సాహిత్య పీజీ దొరుకుతుంది. బోధనా పీజీకి పేరున్న చోటు హైదరాబాద్‌లోని ఇఫ్లూ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైన సంస్థ అది. తెలుగు మీడియం పిల్లవాడికి ఇంగ్లిషు ఎలా చెప్పాలో నేర్పేది బోధనా పీజీయే. అయినా ప్రభుత్వ కొలువే లక్ష్యమైతే సాహిత్య పీజీ చేసి, బోధనలో సర్టిఫికెట్ కోర్సు జోడించుకోవడం క్షేమమని నా అభిప్రాయం.

2. పీజీ ఉంటే హైస్కూలులో స్కూల్ అసిస్టెంట్ కావచ్చా?

పీజీ ఒక్కటే చాలదు. ఇంగ్లిష్ మెథడాలజీతో బీఎడ్, టెట్ అర్హత, ఆపైన డీఎస్సీ ఎంపిక కావాలి. బోధనా పీజీ బీఎడ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

3. డిగ్రీ కాలేజీ అధ్యాపకులకు?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సంబంధిత సబ్జెక్టు పీజీలో 55 శాతం, దానితోపాటు నెట్ లేదా సెట్. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం. నెట్ దరఖాస్తుకు 54.9ని 55గా లెక్కించరు. పీజీ చివరి ఏడాదివారూ నెట్ రాయవచ్చు. అయితే ఫలితం వెలువడిన రెండేళ్లలోగా నిర్ణీత మార్కులతో పీజీ పూర్తి చేయాలి, లేకుంటే ఆ అర్హత పోతుంది.

నెట్ ఇంగ్లిష్ సిలబస్ పది యూనిట్లు. వాటిలో భాషా బోధనకు నేరుగా చోటున్నది ఐదో యూనిట్‌లోనే. నాటకం, కవిత్వం, విమర్శ వంటివి బోధనా పీజీ విద్యార్థి విడిగా చదువుకోక తప్పదు.

4. దూరవిద్యలో చేసిన పీజీ చెల్లుతుందా?

యూజీసీ అనుమతి ఉంటే రెగ్యులర్ డిగ్రీతో సమానమే. విశ్వవిద్యాలయం పేరు యూజీసీ జాబితాలో కనిపిస్తే సరిపోదు. మీరు చేరే కోర్సుకు, చేరే సెషన్‌కు అనుమతి ఉండాలి. మీ ఊరి "సెంటర్" ఫ్రాంచైజీ అయితే దూరంగా ఉండండి, యూజీసీ దాన్ని ఒప్పుకోదు. జాబితా పేజీని చేరిన రోజే ప్రింటు తీసి దాచండి.

5. "120 గంటల" సర్టిఫికెట్ కోర్సు పీజీకి సమానమా?

కాదు. ఈ కోవలోని కేంబ్రిడ్జి సెల్టాకు విదేశాల్లోని భాషా పాఠశాలల్లో విలువ ఉంది. ఇక్కడి ప్రభుత్వ నియామకాల్లో అది పీజీగానీ బీఎడ్‌గానీ కాదు.

6. చేరాక మానేస్తే ఫీజు తిరిగి వస్తుందా?

యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం వస్తుంది. లెక్క మీరు చేరిన తేదీ నుంచి కాదు, ప్రకటించిన అడ్మిషన్ చివరి తేదీ నుంచి. ఆ తేదీ జులై 31 అనుకుందాం. జులై 16లోపు రాసిస్తే మొత్తం ఫీజు, అందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది మినహాయించవచ్చు. జులై 31 వరకు 90 శాతం, ఆగస్టు 15 వరకు 80, ఆగస్టు 30 వరకు 50. ఆపైన ఏమీ రాదు. రాతపూర్వక దరఖాస్తు అందిన 15 రోజుల్లో చెల్లించాలి.

కొన్ని సంవత్సరాలకు యూజీసీ ఇంతకంటే ఉదారమైన గడువులు ఇస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 వరకు పూర్తి ఫీజు ఇవ్వమంది. కాబట్టి ఆ ఏటి సర్క్యులర్ చూడండి. రసీదు అడుగున "ఫీజు వాపసు ఇవ్వబడదు" అని ఊదారంగు ముద్ర కొడతారు. ఆ ముద్ర యూజీసీ నిబంధనను రద్దు చేయలేదు.

7. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకుంటామంటే?

ఇవ్వనవసరం లేదు. పరిశీలించి అక్కడికక్కడే తిరిగివ్వాలి. స్వయంగా ధ్రువీకరించిన నకళ్లు చాలు. పట్టి ఉంచితే యూజీసీ 2023 నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి రాయండి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి. నోటిమాటగా అడిగి తిరగకండి. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతిపై తేదీతో సహా అందిన ముద్ర వేయించుకోండి.