వాహనపు ఎత్తు - షాక్ అబ్జార్బరు

కారు వెనుక భాగము క్రుంగినట్లు కన్పించగానే "షాక్ అబ్జార్బర్లు పోయినవి" అని తీర్పు చెప్పుట లోకరీతి. ఈ తీర్పు సరియైనదేనా?

వాహనపు బరువును మోయునది స్ప్రింగు. లారీలకును, అంబాసిడరు కారు వెనుక చక్రములకును అమర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగును మన మెకానిక్కులు 'కమాను కట్ట' అందురు. ఉర్దూలో కమాను అనగా విల్లు. ఆకారమునకు తగిన పేరే. బరువునకు, స్ప్రింగు బలమునకు సమతూకము కుదిరిన ఎత్తులోనే వాహనము నిలుచును.

షాక్ అబ్జార్బరు పని వేరు. దానిలోని పిస్టను చమురును సన్నని రంధ్రముల గుండ నెట్టుచు, స్ప్రింగు ఊపును వేడిగా మార్చి అణచును. కదలిక ఉన్నపుడే దానికి పని. నిలిచియున్న వాహనమును అది మోయదు. అధిక పీడనముతో వాయువు నింపిన రకము మాత్రము వాహనమును స్వల్పముగా ఎత్తును. వాయువు పోయినచో ఆ మేరకే ఎత్తు తగ్గును.

కనుక బండి బాగుగా క్రుంగినచో కమాను విరిగినదా, స్ప్రింగు సడలినదా అని ముందు చూడవలెను. బండి మూలను అదిమి వదలినపుడు అది పదేపదే ఊగినచో షాక్ అబ్జార్బరు అరిగినదని అనుమానింపవలెను. అట్టి బండి ఎత్తు సరిగానే యుండును. కాని ఎగుడుదిగుడు బాటపై చక్రము నేలను విడుచుచుండును, బ్రేకు వేసినను ఆలస్యముగా ఆగును.

విద్యార్థులారా! కంటికి కన్పించు లోపము ఒకటి, ప్రాణము మీదికి తెచ్చు లోపము మరియొకటి కావచ్చును. పరీక్షింపక కారణమును నిర్ణయింపరాదు.