విఱిగిన ముందుపన్ను

పాఠశాలయందు ఆటలు జరుగు దినములలో ఒకరిద్దరు బాలురకైనను ముందుపండ్లు విఱుగుట మేము చూచుచున్నాము. కబడ్డీలో బోరగిలఁ బడుట, నీళ్లు త్రాగుచుండఁగా వెనుకనుండి యొకఁడు త్రోయుట, సైకిలుమీఁదనుండి జాఱుట మున్నగు స్వల్పకారణములే యిందుకు చాలును. మా విద్యార్థి యొకఁడు ఇంటిలో దెబ్బలు తగులునను భయముచే రెండువారములు నోటికిఁ జేయి యడ్డము పెట్టుకొని మాటలాడెను. పాఠము చదువుమన్నచో తల వంచుకొనెడివాఁడు. సంగతి బయటపడునప్పటికి పంటిలోని జీవము నశించియుండెను. ఆ బాలుఁడే యీ వ్యాసమునకుఁ గారణము.

పంటియందు మూఁడు భాగములు గలవు. పైనున్నది పింగాణిపొర. మన దేహమున దీనికంటెఁ గఠినమైన పదార్థము లేదు. కాని యిందు జీవకణములు లేవు గనుక, విఱిగిన యెముక యతుకుకొనునట్లు ఇది యతుకుకొనదు, మరల మొలవదు. దానిక్రింద డెంటిన్ అను పొరయు, నడుమ రక్తనాళములును నరములును గల మెత్తని గుజ్జును ఉన్నవి. పింగాణి మాత్రమే పెచ్చులేచినచో నాలుకకు గరుకుగాఁ దగులును. డెంటిన్ బయలుపడినచో చల్లనినీరు తగిలినంతనే జివ్వుమనును. గుజ్జు బయలుపడినచో విఱిగినచోట నెఱ్ఱనిచుక్క కానవచ్చును. డెంటిన్‌నందుఁ గంటికిఁ గానరాని సన్నని గొట్టము లుండును. వానిగుండ సూక్ష్మజీవులు గుజ్జును జేరును. కావున నొప్పి తగ్గినదని యూరకుండరాదు.

పూర్వము పెద్దముక్క విఱిగినచో, మిగిలిన మంచి పంటిని సయితము చుట్టును అరగఁదీసి తొడుగు వేయవలసివచ్చెడిది. ఏలయన, నున్నని పింగాణికి ఏ పదార్థమును గట్టిగా నంటుకొనెడిది కాదు. 1955లో అమెరికాయందలి రాచెస్టరు నగరమున మైకేల్ బ్యూనోకోర్ అను దంతశాస్త్రజ్ఞుఁడు ఇందులకు ఉపాయము కనుఁగొనెను. లోహములకు రంగు నిలుచుటకై కర్మాగారములలో ముందుగా ఆమ్లము పూయుదురు. ఆ పద్ధతినే యతఁడు ఫాస్ఫారిక్ ఆమ్లముతో పింగాణిపైఁ బ్రయోగించెను. తాపీమేస్త్రి నున్నని గోడకు గాట్లు పెట్టినపిమ్మటనే క్రొత్తపూత పూయును గదా! ఆమ్లము పింగాణిపై నట్టి సూక్ష్మమైన గాట్లు పెట్టును. 1962లో రాఫెల్ బోవెన్ అను మఱియొక శాస్త్రజ్ఞుఁడు పేటెంటు పొందిన రెజిన్, గాజువంటి పొడితోఁ గలిసి కాంపోజిట్ రెజిన్‌కు మూలమాయెను.

నేఁడు దంతవైద్యుఁడు చేయు పని యిట్లుండును. మొదట ఎక్స్‌రే తీసి వేరు చెక్కుచెదరలేదని చూచును. పన్ను తడిగా నున్నప్పుడే దాని రంగునకు సరిపడు రెజిన్‌ను ఏఱుకొనును. ఆఱిన పన్ను అధికముగాఁ దెల్లఁబడి కనులను మోసగించును. ఉమ్మి తగులకుండ రబ్బరుతెర కట్టి, ఆమ్లమును పదునైదు మొదలు ముప్పది సెకనులవఱకుంచి నీటితోఁ గడుగును. ఆఱిన పింగాణి సుద్దవలెఁ దెల్లనగును. దానిపై జిగురు పూసి, రెజిన్‌ను రెండు మిల్లీమీటర్లు మించని పొరలుగాఁ బేర్చుచు, ప్రతి పొరను నీలికాంతితో గట్టిపఱచును. కడపట పై పండ్లును క్రింది పండ్లును సరిగాఁ గలియునట్లు చెక్కి మెఱుగుపెట్టును.

విఱిగిన ముక్క దొరికినచో తఱచుగా దానినే యతికింపవచ్చును. పాలపన్ను ఊడినప్పుడు ఇంటికప్పుపై విసరు వాడుక మనకుఁ గలదు. స్థిరదంతపు ముక్క నట్లు విసరివేయవలదు. నీటిలోనో పాలలోనో వేసి వైద్యునియొద్దకుఁ గొనిపోవలయును. స్థిరదంతము సమూలముగా నూడినచో వేరును ముట్టక, తెల్లనిభాగమును బట్టుకొని, మట్టియున్నఁ గొంచెము కడిగి, వెంటనే దాని తావుననే నిలుపవలయును. అది సాధ్యము కానిచో పాలలో నుంచి తక్షణము వైద్యునిఁ జేరవలయును. పాలపంటిని మాత్రము తిరిగి పెట్టరాదు.

అతికించిన పన్ను శాశ్వతము కాదు. దానితోఁ జెఱకు చీల్చుట, పెన్సిలు కొఱుకుట, గోళ్లు కొఱుకుట మానవలయును. టీ, తాంబూలముల మఱకలు దానికంటును. గుజ్జు కొన్ని నెలల తరువాతఁ గూడ నశింపవచ్చును గనుక వైద్యుఁడు రమ్మన్నప్పుడెల్ల వెళ్లి చూపించుకొనవలయును.

పైని జెప్పిన బాలునికి వేరులోని గుజ్జును దీసి చికిత్స చేసినపిమ్మట రెజిన్‌తోఁ బన్ను నిలిపిరి. ఇప్పుడతఁడు తల యెత్తి పాఠము చదువుచున్నాఁడు. కాని దెబ్బ తగిలిన దినముననే చెప్పియున్నచో ఆ పంటి జీవము దక్కియుండెడిదేమో! తల్లిదండ్రులారా, పన్ను విఱిగి వచ్చిన బిడ్డను ముందుగాఁ గోపగింపక, ముక్క యెక్కడనని యడుగుఁడు. విద్యార్థులారా, దెబ్బను దాఁపకుఁడు. ఆ గంటలోనే యుపాధ్యాయునికిఁ జెప్పుఁడు.