కీమో నడుస్తుండగా ఒళ్లు పట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. ఒళ్లు నొప్పులంటుంటే నూనె రాసి పట్టాలనుకున్నాను. మర్దన చేస్తే క్యాన్సర్ పాకుతుందని పిన్ని వద్దంటోంది. నిజమేనా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అలా పాకుతుందనడానికి ఆధారం లేదమ్మా. ఈ భయంతోనే చాలా ఇళ్లలో రోగిని తాకడానికి కూడా జంకుతారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. డాక్టరుగారికి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. ఒంటికి లోషన్ రాసేంత ఒత్తిడి చాలు. పిసకడం, గుద్దడం వద్దు.

ఆపరేషన్ అయిన వైపు చేతిని మాత్రం వదిలేయండి. చంకలో లింఫ్ గ్రంథులు తీసేసి ఉంటే ఆ చేయి వాచే అవకాశం ఎక్కువ, వాపు ఒకసారి వస్తే పూర్తిగా తగ్గడం కష్టం. వస్తే ఆ చేతికి మర్దన శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టే చేయాలి. కీమో ఎక్కించే పోర్టు, రేడియేషన్ తగిలిన చర్మం జోలికీ వెళ్లకండి.

ప్లేట్‌లెట్లు 50 వేలకు దిగితే మెత్తటి స్పర్శకు కూడా డాక్టరును అడగాలి, ఒళ్లు ఊరికే కమిలిపోతుంది. ఒక కాలే వాచి పిక్క నొప్పెడుతుంటే అసలు పట్టకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాదాలతో మొదలుపెట్టండి. కీమోలో వాసనలకే వికారం పుడుతుంది కాబట్టి ఘాటు తైలాలు వద్దు. అయ్యాక అరికాళ్ల నూనె శుభ్రంగా తుడవండి, కీమోతో తిమ్మిరెక్కిన కాళ్లతో జారిపడతారు.