నాలుగు బటన్లు, రెండు బొట్టుబిళ్లలు

అక్కా, మీ ఇంట్లో టీవీ దగ్గర ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మా ఇంట్లో మూడు. టీవీది ఒకటి, కేబుల్ బాక్సుది ఒకటి, హోమ్ థియేటర్‌ది ఒకటి. మా ఆయన బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి హోమ్ థియేటర్ తెచ్చి, టీవీ సౌండు కట్టేసి, ఐదు స్పీకర్లూ గోడలకి బిగించాడు. పాటలు పెడితే ఇల్లంతా మోగుతుంది, నాకూ ఇష్టమే. కానీ ఆయన సోమవారం తెల్లవారుజామున పలమనేరు బస్టాండులో బస్సెక్కితే మళ్లీ శనివారం రాత్రికే రాక. ఆ ఆరు రోజులూ మా అత్తమ్మ మూగ టీవీ చూస్తోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అత్తమ్మకి రోజంతా టీవీ అక్కర్లేదు. మధ్యాహ్నం 12 గంటలకి ఎస్వీబీసీలో వచ్చే శ్రీవారి కల్యాణోత్సవం ఒక్కటి చాలు. 2008లో ఆ ఛానల్ మొదలైనప్పుడు ఆమె ఇంకా ఏడాదికి రెండుసార్లు కొండకి పోయి వచ్చేది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. కొండే ఆమె దగ్గరికి రావాలి.

ఒంటిపూట బళ్లు మొదలైన రోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి టీవీలో కల్యాణం జరుగుతోంది. అయ్యవార్ల పెదవులు కదులుతున్నాయి, మేళగాళ్ల చేతులు డోలు మీద ఆడుతున్నాయి. హాల్లో మాత్రం ఫ్యాను చప్పుడే. అత్తమ్మ చేతులు జోడించుకుని, తనకి గుర్తున్న నామాలు తనే చదువుకుంటోంది.

"సౌండు పెట్టుకోలేదేంటి అత్తమ్మా?" అన్నాను.

"ఏది నొక్కితే ఏమైతాదో అని గమ్మునుండా అమ్మణ్ణీ. బొమ్మ వస్తా ఉండాది కదా, చాల్లే."

ఆ "చాల్లే" నన్ను పట్టుకుంది. మా అత్తమ్మ తెలియని మనిషి కాదు. ఇరవై ఏళ్లు పట్టుపురుగులు మేపింది. ఏ పురుగులు జ్వరానికి, అంటే పొర విడిచే నిద్రకి, వచ్చాయో, ఎప్పుడు ఆకు ఆపాలో, ఎప్పుడు గూళ్లు కట్టే చంద్రికల మీదికి ఎక్కించాలో, గదిలో కాలుపెట్టగానే చెప్పేది. అంత సూక్ష్మం తెలిసిన మనిషి ఒక ప్లాస్టిక్ ముక్క ముందు భయపడుతోందంటే లోపం ఆమెలో లేదు. ఆ మూడు రిమోట్లనీ ఆయనకి వీలుగా పెట్టుకున్నాం. వాటిని వాడాల్సిన రెండో మనిషి ఇంట్లో ఉందని మాకు తట్టలేదు.

ఫోన్ చేస్తే ఆయన "శనివారం వచ్చి చూస్తాలే" అన్నాడు. వద్దనుకున్నాను. ఆ సాయంత్రమే బజారుకి పోయి 250 రూపాయలు పెట్టి యూనివర్సల్ రిమోట్ తెచ్చాను. దాంతో వచ్చిన కాగితంలో కంపెనీల పేర్లు, వాటి ఎదురుగా నంబర్లు. సెట్ బటన్ పట్టుకుని నంబర్ కొడితే టీవీకి సరిపోయింది. మా హోమ్ థియేటర్ కంపెనీ పేరు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. పైగా దాని మీద నలభైకి పైగా బటన్లు. మూడింటి బదులు ఒకటి కావాలని పోతే ఇంట్లో నాలుగోది చేరింది.

అప్పుడు కేబుల్ బాక్సు రిమోట్‌ని తీరిగ్గా చూశాను. ఒక మూలన గీత గీసి నాలుగు బటన్లు విడిగా ఉన్నాయి: పవర్, ఏవీ, సౌండు పెంచేది, తగ్గించేది. పైన టీవీ అని రాసి ఉంది. ఇన్నేళ్లూ అవి పనిచేయని బటన్లనే అనుకున్నాం. నిజానికి అవి ఖాళీ పలకలు. మనం ఏది నేర్పితే అది నేర్చుకుంటాయి.

నేర్పడమంటే ఏంటో చెప్తాను. రిమోట్ ముక్కు దగ్గర చిన్న బల్బు ఉంటుంది. అది మన కంటికి కనపడని పరారుణ కాంతిలో, సెకనుకి దాదాపు 38 వేల సార్లు మిణుకుతూ సైగ చేస్తుంది. ఒక్కో బటన్‌కి ఒక్కో సైగ. నేర్చుకునే రిమోట్ ఆ సైగని చూసి దాచుకుని, మనం నొక్కినప్పుడు తిరిగి అదే సైగ చేస్తుంది. చూడాలనుంటే ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి రిమోట్ దానివైపు పెట్టి నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు వెలుగు కనిపిస్తుంది. ఏమీ కనపడకపోతే ముందు సెల్లులు మార్చండి.

ఆపిల్ కంప్యూటర్ కట్టిన స్టీవ్ వోజ్నియాక్ 1985లో ఆ కంపెనీ వదిలాక, ఇంటి నిండా పేరుకున్న రిమోట్లకి బదులు ఒక్కటే ఉండాలని కూర్చుని, ఇలా నేర్చుకునే రిమోట్ ఒకటి తయారుచేసి 1987లో అమ్మాడట. అంతటి మనిషికీ ఇది పట్టించుకోవాల్సిన సమస్యే అనిపించిందంటే నాకు ధైర్యం వచ్చింది.

రెండు రిమోట్లనీ బల్ల మీద ముక్కూ ముక్కూ ఎదురెదురుగా, రెండంగుళాల ఎడంలో పడుకోబెట్టాను. బాక్సు రిమోట్‌లో సెట్ బటన్‌ని ఎర్రలైటు నిలకడగా వెలిగేదాకా నొక్కిపట్టాను. తర్వాత ఏ బటన్‌కి నేర్పాలో దాన్ని ఒకసారి, అసలు రిమోట్‌లో దానికి జతైన బటన్‌ని ఒకసారి. లైటు టపటపా కొట్టుకుంటే నేర్చుకున్నట్టు. మా దాంట్లో ఇదీ పద్ధతి. మీ రిమోట్‌లో కాస్త తేడా ఉండొచ్చు, వెనక అంటించిన చీటీ చదవండి.

మొదట మూడుసార్లు కుదరలేదు. సరిగ్గా ట్యూబులైటు కింద కూర్చున్నాను, దాని వెలుతురు అడ్డం పడుతుందేమోనని వంటింటి గడప దగ్గరికి జరిగాను. బటన్‌ని ఎక్కువసేపు నొక్కుతున్నానని కూడా అప్పుడే తెలిసింది, తేలిగ్గా తాకితే చాలు.

అసలు సంగతి ఇక్కడ ఉంది అక్కా, దీన్ని వదిలేయొద్దు. టీవీ అని రాసి ఉన్నంత మాత్రాన నాలుగు బటన్లకీ టీవీ పాఠమే చెప్పక్కర్లేదు. పవర్‌కి టీవీ పవర్ నేర్పాను. సౌండు రెండింటికీ హోమ్ థియేటర్ సౌండు నేర్పాను. ఏవీ బటన్ అత్తమ్మకి ఎందుకూ పనికిరాదు, దానికి హోమ్ థియేటర్ పవర్ నేర్పాను. ఛానల్ నంబర్లు ఎటూ ఆ రిమోట్‌లోనే ఉన్నాయి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

టీవీ, థియేటర్ ఒకే బటన్‌తో వెలిగితే బాగుండనిపిస్తుంది. ఒక్కో బటన్ ఒక్కో సైగే నేర్చుకుంటుంది కాబట్టి ఇందులో అది కుదరదు. కుదిరినా అలా పెట్టేదాన్ని కాదు. ఆన్‌కీ ఆఫ్‌కీ సైగ ఒకటే కాబట్టి, ఒకటి వెలిగి ఒకటి ఆరి ఉన్నప్పుడు నొక్కితే రెండూ తారుమారవుతాయి. మా వైపు గాలివాన వస్తే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, తిరిగొచ్చినప్పుడు ఏది ఏ స్థితిలో లేస్తుందో చెప్పలేం. వేర్వేరుగా ఉంటే అత్తమ్మే సరిచేసుకోగలదు.

గుర్తుకి బొట్టుబిళ్లలు అంటించాను. టీవీ పవర్ మీద ఎర్రది, థియేటర్ పవర్ మీద ఆకుపచ్చది. బొమ్మ రాకపోతే ఎరుపు, సౌండు రాకపోతే పచ్చ.

మీ ఇంట్లో కొత్త టీవీ, కొత్త సౌండ్‌బార్ ఉంటే ఇంత కష్టం లేకపోవచ్చు. రెండింటినీ ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో కలిపి, టీవీ సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేయండి. శాంసంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. టీవీ వెలిగితే సౌండ్‌బార్ కూడా వెలుగుతుంది. ఇంకొక మాట, టీవీకి గుచ్చే స్టిక్కుల బ్లూటూత్ రిమోట్‌ని మాత్రం ఇలా నేర్పలేం. అది కాంతితో మాట్లాడదు.

మర్నాడు ఇంటికొచ్చేసరికి వీధి గేటు దగ్గరికే నాదస్వరం వినిపించింది. లోపలికి పోయాను. అత్తమ్మ నన్ను చూడలేదు. మాంగల్యధారణ అయ్యేదాకా అలాగే ఉండి, తర్వాత రిమోట్ అందుకుని రెండు మెట్లు సౌండు తగ్గించింది. "పక్కింట్లో బిడ్డ పడుకోనుంటాది" అంది.

రోజూ వాడటంతో బొట్టుబిళ్లలు అప్పుడప్పుడు ఊడిపోతున్నాయి. అంటించమని ఆమె నన్ను అడగదు. పొద్దున్నే తలదువ్వుకునేటప్పుడు, అద్దం మీద నేను పెట్టుకున్న ఎర్రబిళ్ల కనపడకపోతే, పోయి రిమోట్ చూస్తాను.